తెల్ల గుడ్డల సంచి

మే 22, గురువారం

నా చేతిరాత కోడిగీతలు. పదాలు కూడా చెవికి ఎలా వినపడితే అలా రాస్తాను. పదకొండేళ్లకే బడి మానేసినదాన్ని, ఇంతకంటే రాదు. పైగా బండి నడుస్తుండగా మోకాళ్ల మీద పెట్టుకుని రాస్తున్నాను. మలుపు వచ్చినప్పుడల్లా గీత పక్కకి పోతోంది. చదివేది నేనొక్కదాన్నే. అయినా ఎప్పుడైనా ఎవరి కంటైనా పడితే, తప్పులు చూసి నవ్వకండి, మన్నించండి.

ఈ పుస్తకం బడి మానేసిన రోజు మా టీచరు మిస్ ఆల్డర్సన్ ఇచ్చింది. "రోజుకి నాలుగు ముక్కలైనా రాయి లూరీనా, లేకపోతే వచ్చింది కూడా మర్చిపోతావు" అంది. ఎనిమిదేళ్లు ఖాళీగానే ఉంది. ఇవాళ రాయడానికి ఒకటి వచ్చిపడింది.

బట్టల సంగతి.

తొమ్మిది రోజులుగా వాన. మేముండేది బళ్లలోనే. ముందు మా మోటర్‌హోమ్, వెనక అత్తమ్మ కారవాన్‌ని లాగుతూ మామయ్య వ్యాను. ఆపిల్‌బీ గుర్రాల సంతకు, మా బళ్ల జనమంతా ఏటా చేరే చోటికి పోతూ, గడ్డి కనపడిన చోటల్లా ఆగుతున్నాం. దండెం కట్టే వీలు లేదు. తడిబట్టలు స్టీరింగు మీద, సీట్ల మీద, నా మొగుడు రూబెన్ తల మీద కూడా ఒకసారి. మంగళవారం అత్తమ్మ కారవాన్ మెట్టు మీద జారి కుడి మణికట్టు బెణికించుకుంది. అందుకని పొద్దున నన్ను పిలిచి, గుమ్మంలో నిలబడే ఒక తెల్ల సంచి నా చేతిలో పెట్టింది.

"నా గిన్నెల గుడ్డలు. పద్నాలుగున్నాయి. నాకు పెళ్లైనప్పట్నుంచి వీటిని నేను తప్ప ఎవరూ ఉతకలేదు. కెజియాకి కూడా ఇవ్వలేదు."

"నాకెందుకిస్తావులే అమ్మా, నా చేతులు మెత్తనివి కదా" అని లోపల్నుంచి కెజియా అంది. నా ఆడపడుచు. పదిహేడేళ్లు.

"చేతులు కాదే, నీ బుర్ర మెత్తన." అత్తమ్మ నా వైపు తిరిగింది. "విడిగా ఉతుకు. వేరే దేనితోనూ కలపకు. నీకు చెప్పక్కర్లేదనుకో. మీ అమ్మ నేర్పే ఉంటుంది."

"నేర్పింది అత్తమ్మా."

మా అమ్మ నాకు అక్షరాలు నేర్పలేదు గాని ఇది నేర్పింది. గిన్నెలకు ఒక తొట్టి, ముఖానికి ఒక తొట్టి, బట్టలకు ఒక తొట్టి. ఒకదాని పని ఇంకోటి చేయకూడదు. ఒంటి మీది బట్టలు తగిలిన నీళ్లు గిన్నెల గుడ్డకు తగిలితే ఆ గుడ్డ మైల. ఆ గుడ్డతో తుడిచిన కప్పు మైల. ఎంత తోమినా, ఎన్నిసార్లు కడిగినా అది మళ్లీ నోటికి పనికిరాదు, పగలగొట్టడమే. నాకు నాలుగేళ్లప్పుడు గిన్నెల తొట్టిలో చేతులు కడిగాను. అమ్మ తిట్టలేదు, కొట్టలేదు. ఆ తొట్టిలో మన్ను పోసి పూలమొక్క పెట్టింది. ఆ పసుపుపచ్చ పూలు చూసినప్పుడల్లా నాకు సిగ్గేసేది.

పెట్రోల్ బంకు పక్కన రేకుల కింద బట్టలుతికే మెషిన్లు రెండున్నాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. చిన్నదాంట్లో ఒట్టి వేడినీళ్లు ఒకసారి తిప్పి, తర్వాత తెల్ల గుడ్డలు వేద్దామనుకున్నాను. పెద్దదాంట్లో నీలం సంచి గుమ్మరించాను. అది రూబెన్‌ది. చెట్లు కొట్టే పనికి వేసుకునే ప్యాంట్లు, లోపలివీ. నావి నేను ఎప్పుడూ దిండుగలీబులో మూటగట్టి, ఎవరూ చూడకుండా చేత్తోనే ఉతుక్కుంటాను. తెల్ల సంచి బల్ల మీద పెట్టి, మెషిన్ మీది అక్షరాలు కూడబలుక్కుని చదువుతున్నాను.

వెనక ఎర్ర రెయిన్‌కోటులో ఒకావిడ బొంత పట్టుకుని నిలబడింది. ఇళ్లవాళ్లావిడ, మాలా బళ్లలో తిరిగే మనిషి కాదు. "అయ్యో తల్లీ, సగం ఖాళీగానే ఉంది కదా, అన్నీ పడతాయి" అంటూ తెల్ల సంచి ఎత్తి మెషిన్లో బోర్లించి తలుపు మూసింది. తన చేత్తోనే బొత్తాం నొక్కింది. నీళ్లు పడిన చప్పుడు.

ఆగండి అంటే సరిపోయేది. ఆపే బొత్తాం కూడా ఉంది, ఎర్రగా, నా చెయ్యంత దూరంలో. ఆవిడ మంచి మనిషి. సాయం చేశానని సంతోషంగా నా ముఖంలోకి చూస్తోంది.

నేను "థాంక్స్ అండీ" అన్నాను.

ఆ తర్వాత ముప్పావు గంట బల్ల మీద కూర్చుని చూశాను. గుండ్రటి అద్దంలో అత్తమ్మ తెల్ల గుడ్డలు రూబెన్ ప్యాంట్లను కావలించుకుని తిరుగుతున్నాయి.

బండి హీటరు గాలికి ఆరబెట్టి, మడతపెట్టి, పద్నాలుగూ లెక్కపెట్టి తీసుకెళ్లి ఇచ్చాను. అత్తమ్మ ఒకటి విప్పి వెలుతురుకు పట్టి చూసింది. ఇంకోటి విప్పింది. మళ్లీ మడిచింది.

"తెల్లగానే వచ్చాయి. అక్కడ మెషిన్లు ఎన్నున్నాయి?"

"రెండు అత్తమ్మా."

"ఊఁ" అంది.

మే 23

రెండు మెషిన్లున్న మాట నిజమే. నేను అబద్ధం చెప్పలేదు.

మే 24, శనివారం

వాన వెలిసింది. పాత రోడ్డు పక్కన వెడల్పుగా గడ్డి ఉంటే ఆగాం. కంచె పొడవునా ముళ్లచెట్లు తెల్లగా పూసి ఉన్నాయి. మామయ్య సంతకు తెస్తున్న గుర్రప్పిల్లను వ్యానులోంచి దింపి మేతకు కట్టాడు. నేను దుప్పట్లన్నీ కంచె మీద ఆరేశాను. గాలికి అవి ఉబ్బుతుంటే కంచె మొత్తం ఎగిరిపోతుందేమో అన్నట్టుంది. ఇంత బాగున్న రోజు ఈ మధ్య లేదు. దుప్పట్లకు పూల వాసన పట్టింది.

రూబెన్ వచ్చి దుప్పటికి అవతల నిలబడి, "ఇంట్లో ఎవరైనా ఉన్నారా?" అన్నాడు. ఇవతల్నుంచి నేను మాట్లాడలేదు. "ఉన్నారు గాని సిగ్గుపడుతున్నారు" అని వాడే చెప్పుకున్నాడు.

చెబుదామనుకున్నాను. కానీ ఏం చెబుతాను? గుడ్డల మైల సంగతి ఆడవాళ్లది, మగవాడితో మాట్లాడేది కాదు. అందులోనూ వాడి లోపలి బట్టల గురించి.

ఈ మోటర్‌హోమ్ రూబెన్ ఇళ్లవాళ్ల దగ్గర కొన్నాడు. లోపల మరుగుదొడ్డి ఉంది. వండుకునే చోటికి నాలుగడుగుల్లో. అత్తమ్మ మొదటిరోజు చూసి, "తినే చోట ఇదేంట్రా" అని మెట్టు దిగిపోయింది. రూబెన్ దాన్ని ఊడబెరికి, గదంతా కడిగించి, రంపాలు పెట్టుకునే అల్మరా చేశాడు. అయినా అత్తమ్మ మళ్లీ ఎక్కలేదు. పెళ్లై ఎనిమిది నెలలు. ఒక్కసారి కూడా నా చేతి టీ మా బండిలో కూర్చుని తాగలేదు. ఏం కావాలన్నా మెట్టు దగ్గరే నిలబడి అడుగుతుంది. అలాంటిది తన గుడ్డల సంచి నా చేతికిచ్చింది.

మే 25, ఆదివారం

అది అరవై డిగ్రీల నీళ్లు. అమ్మ కాలంలో ఏట్లో చన్నీళ్లతో ఉతికేవాళ్లు. మెషిన్లో ఒక నీళ్లు పోయి ఇంకో నీళ్లు వస్తాయి, నాలుగుసార్లు. నాలుగోసారి నీళ్లు శుభ్రంగానే ఉండి ఉంటాయి. సబ్బు కూడా అదే వేసుకుంటుంది.

ఒక మంచి సంగతి. అత్తమ్మ ఆ గుడ్డలు వాడటం లేదు. చెయ్యి నొప్పి అని కడిగిన గిన్నెలు గడ్డి మీద చెక్క పలక వేసి గాలికి బోర్లిస్తోంది. తనకు ప్రాణమైన బంగారు అంచు పింగాణీ కప్పులు ఆరూ కాగితాల్లో చుట్టి పెట్టెలో పెట్టేసింది. రోడ్డు గతుకులుగా ఉంది, పగులుతాయి అంది. టీ కాగితం కప్పుల్లో ఇస్తోంది.

"మనమేమన్నా ఆసుపత్రిలో ఉన్నామా" అంది కెజియా. "రేపట్నుంచి జావ కూడా పోస్తావా?"

"మామూలు కప్పుల్లో తాగినప్పుడు నువ్వు కడిగావా ఏనాడైనా?"

"అందుకే అంటున్నా, నాకు అనుభవం లేదు, వదినని అడుగు. ఏం వదినా?"

నేను కాగితం కప్పు మొత్తం ఒకేసారి తాగేశాను. నాలుక కాలింది.

దేవుడు నా వైపే ఉన్నాడు.

మే 27

అమ్మతో ఫోన్లో మాట్లాడాను. ఎక్కడున్నారు, ఏం తింటున్నారు, రూబెన్ బాగా చూసుకుంటున్నాడా అని అడిగింది. "మీ అత్త మిజెల్లీ నీకు గుడ్డలిచ్చిందట కదా, కెజియా మీ చెల్లితో చెప్పిందట" అంది. గొంతులో ఎంత గర్వమో. "నా పెంపకం మీద ఆవిడకు నమ్మకం కుదిరిందన్నమాట."

"అవునమ్మా" అన్నాను.

నేను నోరు విప్పితే అందరూ ముందు అనే మాట, మీ అమ్మ నేర్పలేదా అని. నేర్పింది. అమ్మ తప్పు ఇందులో ఏమీ లేదు.

మే 28

ఇవాళ కూడా కాగితం కప్పులే.

మే 30, శుక్రవారం

దారిలో ఊళ్లో సంత ఉంటే అత్తమ్మ, నేను, కెజియా వెళ్లాం. అత్తమ్మ బట్టల దుకాణం దగ్గర ఆగి తెల్ల నూలు గుడ్డలు రెండు కట్టలు తీసుకుంది. వేళ్లతో నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, గంటసేపు చూసి.

"ఎందుకమ్మా ఇవి?"

"నీ పెళ్లికి."

"పెళ్లికొడుకు లేకుండానే గుడ్డలొచ్చాయా. వాడొచ్చేలోపు చిరుగుతాయి."

"నీ నోరు చూసి వాడు దారి మళ్లించుకున్నాడు. అందుకే ఆలస్యం."

నేను నవ్వాను. చాలా రోజులకు గట్టిగా నవ్వాను. అత్తమ్మ నా వైపు చూసి తనూ నవ్వింది. తర్వాత కాసేపు నా వైపే చూస్తూ ఉంది. నేను ఉల్లిపాయలు ఏరుతున్నట్టు తల దించుకున్నాను.

జూన్ 1, ఆదివారం

అత్తమ్మ తన కప్పుల కథ చెప్పింది. అడగకుండానే.

మాలో మనిషి పోతే వాళ్లవన్నీ కాల్చేస్తారు, కప్పులూ సాసర్లూ పగలగొట్టేస్తారు. ఏదీ ఉంచుకోరు. అత్తమ్మ వాళ్లమ్మ పోయినప్పుడు కారవాన్‌తో సహా అన్నీ అలాగే పోయాయి. ఒక్క ఫొటో కూడా మిగలలేదు. ఈ ఆరు కప్పులు మాత్రం అంతకు ముందే, అత్తమ్మ పెళ్లిరోజున, వాళ్లమ్మ తన చేత్తో ఇచ్చేసింది. అప్పటికే అవి అత్తమ్మవి. అందుకని మిగిలాయి.

"మా అమ్మ పెదవి ఆనిన వస్తువు ఈ లోకంలో ఇవే రీనా" అంది. మంట మీద కుండలో నీళ్లు కాగుతున్నాయి. బట్టల సోడా వేసి గుడ్డలు ఎలా ఉడికించాలో నాకు చూపిస్తానని ఆ కుండ పెట్టింది, కానీ అందులో గుడ్డలేమీ వేయలేదు. "నీకేమైనా చెప్పాలనుందా?"

నేను కుండ వైపు చూశాను.

"నీళ్లు తగ్గాయి అత్తమ్మా. ఇంకాసిని పోయనా?"

"పొయ్యి" అంది.

ఎన్ని నీళ్లు పోశానో నాకే తెలీదు. మంట ఆరిపోయింది.

జూన్ 3

ఆ గుడ్డలు తెలియకుండా మాయం చేస్తే? గాలికి ఎగిరిపోయాయని చెప్తే? పద్నాలుగూ ఒకేసారి ఎగిరిపోతాయా?

లేకపోతే నేనే ఏమీ చేయకుండా ఉండటం. కప్పులు పెట్టెలో ఉన్నన్నాళ్లూ కప్పులకేమీ కాలేదు. కాలేదంటే తప్పు ఇంకా జరగలేదనే కదా. జరగని తప్పు చెప్పడమెందుకు?

రూబెన్ బండి నడుపుతూ, "నువ్వు మామూలుగానే మాట్లాడవు. ఈ మధ్య దానికి రెండింతలు మాట్లాడట్లేదు" అన్నాడు.

"రోడ్డు చూడు" అన్నాను.

"హమ్మయ్య, రెండు మాటలు" అన్నాడు.

జూన్ 5, గురువారం. ఆపిల్‌బీ.

చేరాం. కొండంతా బళ్లే. ఏట్లో గుర్రాలను కడుగుతున్నారు. మొల లోతు నీళ్లలోకి దింపి, సబ్బు రాసి, జూలు తోమి. రూబెన్ కూడా మామయ్య గుర్రప్పిల్లతో దిగి, అదే వాడిని కడిగినంత తడిసి వచ్చాడు. నేను వంతెన మీద నిలబడి చూస్తూ చాలాసేపు అన్నీ మర్చిపోయాను. గుర్రాలకు మూడు తొట్లు అక్కర్లేదు.

రేపో ఎల్లుండో చుట్టాలొస్తారు. కప్పులు తీస్తారు.

జూన్ 6

ఇవాళ ఎవరూ రాలేదు.

జూన్ 7, శనివారం

ఇవాళ జరిగిందంతా రాస్తాను.

మధ్యాహ్నం రూబెన్ మేనత్త లవీనియా వచ్చింది. మామయ్యకు అక్క. డెబ్బై దాటాయి, చెవులకు బంగారు పౌండు నాణేలు వేలాడుతుంటాయి. కారవాన్ ముందు కుర్చీలో కూర్చుంటూనే, "ఏరా నెల్సన్, నీ పెళ్లాం ఇంకా నిన్ను భరిస్తోందా?" అంది.

"చెయ్యి బెణికి ఊరుకుంది గాని, లేకపోతే ఈపాటికి గెంటేసేది అక్కా."

"చెయ్యి బాగవనీ, గెంటు మిజెల్లీ." తర్వాత నన్ను కిందికీ పైకీ చూసింది. "ఇదేనా కొత్తపిల్ల? మాట్లాడుతుందా?"

"పెళ్లిరోజు 'సరే' అంది అత్తా" అంది కెజియా. "మళ్లీ ఇంకోటి ఎప్పుడంటుందో అని కనిపెట్టుకుని ఉన్నాం."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అత్తమ్మ నవ్వలేదు. లోపలికి వెళ్లి ఎడమ చేత్తో కప్పుల పెట్టె తెచ్చి నా ముందు పెట్టింది. మళ్లీ వెళ్లి తెల్ల సంచి తెచ్చి దాని పక్కన పెట్టింది.

"కప్పులు ఆరూ తియ్యి రీనా. వేడినీళ్లతో కడుగు. ఈ గుడ్డలతో తుడిచి బల్ల మీద సర్దు. మీ పెద్దత్త నా తల్లి కప్పులో తప్ప టీ తాగదు."

కడిగాను. గిన్నెల తొట్టిలో, ఒక్కొక్కటీ. ఎంత పలచగా ఉన్నాయంటే ఎండకు నా వేళ్లు అవతల్నుంచి నీడలా కనపడుతున్నాయి. ఆరూ పళ్లెంలో బోర్లించాను. అంచుల నుంచి నీళ్లు కారుతున్నాయి. సంచి మూతి విప్పాను. గుడ్డ చేతిలోకి వచ్చింది.

గాలికి ఆరనిద్దాం అనొచ్చు. గాలి బాగా వీస్తోంది, ఎవరూ అడగరు. ఒక కప్పు జారవిడవొచ్చు. పదహారు రోజులుగా నేను చేస్తున్నది ఇదే, ఏం చేయొచ్చో ఏం అనొచ్చో లెక్కపెట్టుకోవడం. అవతల లవీనియా మామయ్యతో గుర్రప్పిల్ల కాళ్ల గురించి వాదిస్తోంది. గుడ్డ కప్పుకు జానెడు దూరంలో ఉంది. అత్తమ్మ వాళ్లమ్మ పెదవి గుర్తొచ్చింది. నేను ఆవిడను చూడను కూడా లేదు.

గుడ్డ వెనక్కి సంచిలో పెట్టి, లేచి, కెటిల్ దగ్గరున్న అత్తమ్మ ముందు నిలబడ్డాను.

"అత్తమ్మా" అన్నాను. మరీ గట్టిగా వచ్చింది, అందరూ ఇటు తిరిగారు. "ఆ గుడ్డలు మైలపడ్డాయి. రూబెన్ బట్టలతో ఒకే మెషిన్లో తిరిగాయి. మీరు నాకిచ్చిన రోజే. ఒకావిడ తెలియక కలిపేసింది, నేను ఆపలేదు. ఆపగలిగి కూడా ఆపలేదు. తర్వాత మీకు చెప్పలేదు."

మామయ్య తన బూట్ల వైపు చూసుకున్నాడు. రూబెన్ చెవులు ఎర్రబడ్డాయి. లవీనియా నోటి దాకా వెళ్లిన బిస్కెట్టు మళ్లీ పళ్లెంలో పెట్టింది.

అత్తమ్మ కెటిల్ మరిగేదాకా దాని వైపే చూస్తూ నిలబడింది. తర్వాత మంట తగ్గించింది.

"పదహారు రోజులు" అంది.

నాకు అర్థం కాలేదు.

"పెట్టె అడుగున కాగితాల కింద చూడు."

చూశాను. తెల్ల నూలు గుడ్డలు. కెజియా పెళ్లికని కొన్నవి. ఉడికించి, ఆరబెట్టి, మడతపెట్టి ఉన్నాయి. సోడా వాసన.

"వాటితో తుడువు" అంది అత్తమ్మ. "ఆ పాత గుడ్డలు ఆ రోజు నుంచి నా ఇంట్లో దేనికీ తగల్లేదు. కప్పులకసలే తగల్లేదు."

"అంటే నా పెళ్లి గుడ్డలు పోయాయా?" అంది కెజియా.

"నీకు పెళ్లికొడుకే రాలేదు కదే" అన్నారు మామయ్య, లవీనియా ఒకేసారి.

"మిజెల్లీ, టీ ఇస్తావా, లేకపోతే ఇదంతా చూసుకుని ఇలాగే పొమ్మంటావా?" అంది లవీనియా. నేను తుడిచిన మొదటి కప్పు ఆవిడకే ఇచ్చాను. ఎత్తి పట్టుకుని ఎండకు చూసి, తాగింది. "పిల్ల మాట్లాడుతుందిరా నెల్సన్" అంది.

అందరూ గుర్రాల దగ్గరికి వెళ్లాక అత్తమ్మా నేనూ మిగిలాం. ఎలా తెలిసింది అని అడిగాను.

"రెండో గుడ్డ అంచు మడతలో చెక్కపొట్టు. నా గిన్నెల గుడ్డలోకి నా కొడుకు ప్యాంటు పొట్టు ఎలా వస్తుందే?"

"అప్పుడే అడగొచ్చు కదా అత్తమ్మా."

"అడిగితే నువ్వు ఒప్పుకునేదానివే. అడిగితే ఎవరైనా ఒప్పుకుంటారు." బెణికిన మణికట్టు రుద్దుకుంటోంది. "ఈ శుభ్రం ఎవరూ చూడని చోట చేసే పని రీనా. నువ్వు తొట్లో ఏం చేశావో నాకేం తెలుస్తుంది? చెయ్యి చూసుకుంటూ వెనకే తిరగలేను కదా. నీ మాట ఒక్కటే నాకు మిగిలేది."

"నేను చెప్పకుండా తుడిచేసి ఉంటే?"

"నీ చేతిలోంచి లాక్కునేదాన్ని. గుడ్డ తగలనిచ్చేదాన్నా?" ఒక కప్పు దగ్గరికి తీసుకుని కాగితంలో చుట్టింది. "తర్వాత నిన్నేమీ అనేదాన్ని కాదు. ఏమీ ఇచ్చేదాన్ని కూడా కాదు. ఎప్పటికీ."

ఆ మాట అన్నప్పుడు అత్తమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను ఒక్కదాన్నే భయపడుతున్నాననుకున్నాను ఇన్నాళ్లూ.

పాత గుడ్డలు పద్నాలుగూ రూబెన్‌కిచ్చింది, రంపం నూనె తుడుచుకోడానికి. "ఇంత తెల్లవా?" అన్నాడు. "నోర్మూసుకుని తుడుచుకో" అంది.

జూన్ 8, ఆదివారం

పొద్దున బంగాళదుంపలు వేయిస్తున్నాను. మెట్టు మీద చప్పుడైతే రూబెన్ అనుకున్నాను. అత్తమ్మ.

లోపలికి వచ్చింది. నిలబడి చుట్టూ చూసింది. ఆ పాత మరుగుదొడ్డి గది తలుపు తెరవమంది. తెరిచాను. రంపాలు, తాళ్లు, హెల్మెట్టు.

"రంపాలే" అంది.

"రంపాలే అత్తమ్మా."

కిటికీ పక్క సీట్లో కూర్చుంది. దిండు సర్దుకుంది. టీ పెట్టాను. నా కప్పులు మామూలువి, సంతలో కొన్నవి, ఒకదాని మీద పిల్లి బొమ్మ ఉంటుంది. అదే ఇచ్చాను, చేతికి అదే దొరికింది. నేను తుడిచిన కప్పే. ఏమీ చూడకుండా తాగింది. "చక్కెర ఎక్కువేశావు" అని ఇంకో కప్పు అడిగింది.

జూన్ 12, గురువారం

తిరుగు ప్రయాణం. మంచి ఎండ. అత్తమ్మ మణికట్టు తగ్గిపోయింది. పొద్దున పొయ్యి మీది పెద్ద కుండ తనే రెండు చేతులా ఎత్తి దింపింది. అయినా బయల్దేరే ముందు కొత్త గుడ్డలు కొత్త తెల్ల సంచిలో పెట్టి తెచ్చి, మా బండిలోకి ఎక్కి, నా సీటు మీద పెట్టి వెళ్లింది. విడిగా ఉతకమని కూడా చెప్పలేదు.

వేరే పెట్రోల్ బంకు. మెషిన్లు మూడు. చిన్నదాంట్లో ఒట్టి వేడినీళ్లు తిప్పాను. పక్కన ఒక పెద్దాయన చొక్కాలు వేసుకుంటున్నాడు, ఇళ్లవాళ్లాయనే. నా సంచులు చూసి, "నీ తెల్లవి ఇందులో పడేయమ్మా, నావి కొంచెమే, చోటుంది, ఖర్చు కలిసొస్తుంది" అన్నాడు. అప్పటికే చెయ్యి చాపాడు.

"వద్దండీ" అన్నాను. "ఇవి విడిగా ఉతకాలి."

"సరే తల్లీ" అన్నాడు. ఎందుకని కూడా అడగలేదు. చొక్కాలు వేసుకుని, వాన రాదంటున్నారు అన్నాడు. అవునండీ అన్నాను. అంతే.

అంత చిన్న మాట. అద్దంలో తెల్ల గుడ్డలు వాటికవే తిరుగుతుంటే చూస్తూ కూర్చున్నాను. వేరే రంగే లేదు. రూబెన్ వచ్చి పక్కన కూర్చుని, "ఏముంది అందులో చూడ్డానికి?" అన్నాడు. ఏమీ లేదన్నాను. వాడూ చూశాడు, అవి ఆగేదాకా.

ఇక ఇందులో రాయడానికి నా దగ్గర ఏమీ లేదు. మిస్ ఆల్డర్సన్, మీ పుస్తకంలో సగానికి పైగా ఖాళీగానే ఉంది, ఏమనుకోకండి. ఇది సీటు కింద పెడుతున్నాను. కెజియా ఈ మధ్య కూడబలుక్కుని చదవడం నేర్చుకుంటోంది, అదొక భయం. ఎవరికి దొరికినా సరే, ఇంతవరకు చదివేశారు కాబట్టి చదవొద్దని చెప్పలేను. కాల్చేయండి. నేను పోయాక నావన్నీ ఎలాగూ కాలుస్తారు, ఇది కాస్త ముందు కాలితే నష్టం లేదు. చెత్తతో కలిపి మాత్రం కాల్చకండి. గిన్నెల గుడ్డలు ఉడికే కుండ కింద పెట్టండి. కాసిని నీళ్లన్నా కాగుతాయి.